గాలి లేని చెరువులో తిరిగిన మోటారు

నాకు అన్నం పెట్టేది మోటార్ల వైండింగ్ పని. ఆ పని మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. నేనేం అనుకోను.

సోమందేపల్లిలో నాది చిన్న షాపు. బోరు మోటారు కాలితే రైతులు నా దగ్గరికే తెస్తారు. నా స్నేహితుడు ఖాదర్ హిందూపురంలో టార్పాలిన్లు కుడతాడు. వాడికి పిచ్చి పట్టింది. బెంగళూరులో ఎవరో పాత సామాను కింద అమ్మేస్తుంటే చిన్న తెరచాప పడవ కొనుక్కొచ్చాడు. ఆ ఏడాది వానలు దండిగా పడి పెనుకొండ దగ్గర చెరువొకటి నిండింది. ఆదివారాలు అందులో జనాన్ని తిప్పాలని వాడి ఆశ. తెరచాప కూడా తనే కుట్టుకున్నాడు.

"నడిమధ్యలో గాలి నిలిచిపోతే ఏం చేస్తావురా?" అన్నాను.

"అందుకే కదబ్బా నువ్వుండేది. బ్యాటరీ మోటారొకటి బిగించు."

బిగించాను. కరెంటు స్కూటర్ బ్యాటరీ, వెనక నీళ్లలో తిరిగే ఫ్యాను. పాత ట్రాక్టరు నుంచి పీకిన ఆంపియర్ మీటరు కూడా పెట్టాను. ముల్లు ఎడమకు పోతే బ్యాటరీ ఖర్చవుతున్నట్టు, కుడికి పోతే ఛార్జింగ్ ఎక్కుతున్నట్టు. ఇక్కడే నా చేతి అలవాటు కొంప ముంచింది. మా వైపు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని బోరు స్టార్టరు ఆటోలో పెట్టి పడుకుంటాం. కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరుగుతుంది. పడవకూ అలాగే ఆటో పెట్టేశాను. ఎందుకంటే చెప్పలేను... చేయి అలా పోయింది.

మధ్యాహ్నం బ్యాటరీ తగిలించి, పడవను ఒడ్డున కట్టేసి టీకి పోయాం. మేము లేనంతసేపూ మోటారు దానంతటదే తిరిగి బ్యాటరీ తాగేసింది. ఆ సంగతి మాకు తెలియదు. తిరిగొచ్చేసరికి ఆగిపోయి ఉంది.

సాయంత్రం గాలి బాగా ఉంది. తెరచాప ఎత్తగానే పడవ పరుగు తీసింది. పడవ పోయే వేగానికి నీళ్లే ఫ్యానును తిప్పుతున్నాయి. ముల్లు కుడికి వాలింది.

"చూస్తివా! గాలే మనకు కరెంటిస్తాండాది," అని ఖాదర్ చప్పట్లు కొట్టాడు.

పొద్దు గూకింది. ఉన్నట్టుండి గాలి పడిపోయింది. తెరచాప వేలాడింది. మోటారు వేశాను. ఒక్క గుక్క తిరిగింది... ఆగింది. మళ్లీ వేశాను. అంతే. గాలి ఇచ్చిన ఆ కాస్త కరెంటూ అయిపోయింది.

మెల్లగా చీకటి పడింది. అప్పుడు వినిపించింది, ఖాదర్ గొంతులోంచి సన్నని ఈల. వాడికి ఉబ్బసం ఉంది.

"నీ ఊపిరి మందు పంపు యాడుండాది?" అన్నాను.

"బండి... డిక్కీలో..."

ఫోన్లూ అక్కడే. నీళ్లలో పడతాయని మేమే పెట్టాం. అటు చూస్తే ఆ చీకట్లో కట్ట మీద బండి ఆనవాలు కూడా కనిపించలేదు. అరిచాను. పలికేవాళ్లు లేరు. కూర్చునే పలక పీకి తెడ్డులా వేశాను. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. వెనక ఖాదర్ ఈల... ఆగుతోంది... మళ్లీ వస్తోంది. వాడు నా చేతుల్లోనే పోతాడనిపించింది. ఏడుపొచ్చేసింది.

అప్పుడు...

గుర్ర్ర్...

సన్నగా. నీళ్ల లోపల నుంచి.

ముందు సంతోషపడ్డాను. ఆటో కదా, ఎలాగో అందుకుందనుకున్నాను. జేబులో ఉన్న చిన్న టార్చి వేసి మీటరు చూశాను.

ముల్లు కుడికి ఉంది.

అర్థమైందా? మోటారు కరెంటు తీసుకోవడం లేదు... ఇస్తోంది. వైరు పట్టి లాగేశాను. ముల్లు సున్నాకు పడింది. చప్పుడు ఆగలేదు. మోటారు మీద చెయ్యి పెట్టాను. అరచేతి కింద తిరుగుతూనే ఉంది. వైరు లేని మోటారును నీళ్లు తిప్పాలి. నీళ్లు తిప్పాలంటే పడవ పోతూ ఉండాలి.

తల ఎత్తాను. తెరచాప అలాగే వేలాడుతోంది. ఒక్క అల లేదు. ముందు కొసన నీళ్లు చీలుతున్నాయి... సర్ర్... సర్ర్... పడవ నేరుగా కట్ట వైపు పోతోంది.

టార్చి వెనక్కి తిప్పాలనుకున్నాను. నా చేయి తిరగలేదు. నిజం చెబుతున్నాను, తిరగలేదు.

"ఎవురబ్బా... తోస్తాండేది?" అన్నాడు ఖాదర్, కళ్లు తెరవకుండానే.

"గాలేలేరా," అన్నాను.

పడవ మెత్తగా ఒడ్డుకు ఆనింది. దూకాను. తాడు కట్టాలని కూడా తోచలేదు. కట్ట ఎక్కి, డిక్కీ తెరిచి, పంపు తీసుకుని కిందికి పరుగెత్తాను.

ఒడ్డున పడవ లేదు.

టార్చి వేశాను. కాస్త దూరంలో ఉంది. ఖాదర్ తల పక్కకు వాలి ఉంది. పడవ మెల్లగా వెనక్కి పోతోంది... గుర్ర్ర్ మని... చెరువు నడిమికి.

నాకు ఈత రాదు. అయినా దిగాను. నడుము లోతు... గుండె లోతు... కాళ్ల కింద బురద జారుతోంది.

"వాణ్ణి ఇడిసిపెట్టు!" అని అరిచాను. ఎవరిని అన్నానో నాకే తెలియదు. "ఇడిసిపెట్టు, నీకు దండం పెడతా!"

చప్పుడు ఆగింది.

పడవ అంచు చేతికందింది. పంపు వాడి నోట్లో పెట్టి నొక్కాను. మళ్లీ నొక్కాను. చాలాసేపటికి ఒక పెద్ద ఊపిరి తీశాడు. ఆ శబ్దం విని నేను నీళ్లలోనే నిలబడి ఏడ్చాను.

పడవ ఇప్పుడు వాడి అంగడి వెనక బోర్లా పడి ఉంది. ఖాదర్ మాత్రం ఎవరడిగినా ఒకటే చెబుతాడు. "ఎవురో పుణ్యాత్ములబ్బా. నన్ను ఒడ్డుకు చేర్చినారు." రెండోసారి పడవ కదిలింది వాడికి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఎంత ఆలోచించినా నాకు తేలనిది ఒకటే. ఆ రాత్రి అది మమ్మల్నిద్దర్నీ ఒడ్డుకు చేర్చిందా... లేక నన్నొక్కణ్ణే దించడానికి వచ్చిందా?