జీపు మాట ఎత్తని ఇల్లు

“పాత ఇనుపసామాన్లోడు తూకమేసి కొనుక్కపోయేదాన్ని నువ్వు పైసలిచ్చి ఇంటికి తెస్తనంటవు. దుబాయి ఎండకు నీ తలకాయ గిట్ల కరిగిందారా?”

“ఇనుము కాదు నాయనమ్మా, జీపు. ఫోర్ వీల్. నాలుగు చక్రాలకూ ఇంజన్ జోరు అందుతది. వాన పడ్డా చేన్లకు పోవచ్చు.”

“నాలుగు చక్రాలు తిరగని బండి ఎక్కడన్న ఉంటదా? మూడు తిరిగి ఒకటి కూసుంటదా?”

“నీకు చెప్పినా తెల్వదు తియ్యి. చిన్నతాతను అడుగుత. ఆయనకైతే బండ్ల సంగతి ఎరుకే.”

“ఆయన ముందట గా మాట ఎత్తినవంటే ఈ ఇంట్ల నీకు అన్నం పెట్ట. చెప్తున్న.”

మొన్న పొద్దుగూకేటప్పుడు, కల్లంల ఆరబోసిన పసుపు మీద తాటిపత్రి కప్పుకుంట మా పెద్ద మనుమడూ నేనూ పడ్డ పంచాయితీ ఇది. దుబాయిల చానేండ్లు బండ్లు తోలి, ఇగ మళ్ల పోను, ఆర్మూర్లనే ఉండి ఎవుసం చూసుకుంటనని వచ్చినోడు, వచ్చిన కాడికెళ్లి వేల్పూరు తొవ్వల ఒక షెడ్డుల పడి ఉన్న పాత జీపు మీద పానం పెట్టుకున్నడు. తెల్లారి మాట చెప్పకుంటే దాన్ని వేరేటోళ్లు కొనుక్కపోతరట. కోపానికి చెప్పులేసుకొని బజారు దిక్కు పోయిండు. నేను తెల్వనిదాని లెక్క మాట్లాడిన గాని, ఆ నాలుగు చక్రాల సంగతి నాకు తెలిసినంత వానికి తెల్వదు. నేను చదివింది రెండో తరగతి దాకనే, నా అక్షరం వంకరబోతది, అయినా నా ఈడు వాళ్లకైతే చెప్పకున్నా సగం అర్థమైతదని రాస్తున్న.

మా ఇంటాయన జీపు కొన్ననాడు మా వాడకట్టుల సైకిలున్నోడే గొప్పోడు. ఎడ్లను చూసొస్తనని నాకు చెప్పి పోయిన మనిషి, ఏదో సర్కారు ఆఫీసోళ్లు పాత బండ్లు వేలమేస్తున్నరంటే అటే మళ్లి, ఎడ్లకు బదులు మూతికాడ తుప్పుపట్టిన ఆకుపచ్చ జీపును తోలుకొచ్చి ఇంటి ముందట నిలబెట్టిండు. నేను కాళ్లకు నీళ్లు గూడ ఇయ్యలే. ఎడ్లయితే గడ్డి తిని పేడన్న ఏస్తయి, ఇది డీజిలు తాగి పొగ తప్ప ఏమిస్తదని వారం దినాలు దెప్పిన. సంబురపడ్డది మా మరిది, ఇప్పుడు మనుమలు చిన్నతాత అని పిలిచేటోడు, ఒక్కడే. అప్పటికి ఇంక పెండ్లి కాలే. అన్న పాత ధోతి చింపి దాన్ని రోజూ తుడిచెటోడు, నాకు తెల్వకుంట నా పొయ్యికాడి కొబ్బరిపీచు గుంజుకపోయి దాని లైట్లు తోమెటోడు. అన్నకంటే ముందుగాల తనే నడుప నేర్చిండు. వానకాలం మా నల్లరేగడి తొవ్వలల్ల ఎడ్లబండి దిగబడ్డదంటే మరిదికే కబురొచ్చేది. నొప్పులొచ్చిన ఆడోళ్లను దవాఖానకు తీస్కపోయింది ఆ జీపే, మా వాడల పెండ్లిపిల్లలను ఊరేగించింది ఆ జీపే.

పసుపు పండించెటోళ్లకు చెప్పాల్సిన పని లేదు గాని, తవ్విన కొమ్ములను ఉడకబెట్టి, ఎండబోసి, ఇనుప డ్రమ్ముల ఏసి తిప్పితేనే పైపొట్టు రాలి రంగు తేలుతది, అప్పుడే మార్కెట్ యార్డుల సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు దాన్ని చేతుల పట్టుకుంటడు. ఆ రోజుల్ల డ్రమ్మును మనుషులే రెండు దిక్కుల నిలబడి, అరచేతులు బొబ్బలెక్కేదాక తిప్పాలె. మరిదికి ఒక ఉపాయం తోచింది. జీపు వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, టైరు ఊడదీసి, ఆ చక్రానికీ డ్రమ్ముకూ నడుమ బెల్టు ఏసిండు. ఇంజన్ నడుస్తుంటే డ్రమ్ము దానంతటదే తిరుగుడు వెట్టింది. పక్క చేన్లోళ్లొచ్చి నోర్లు తెరుచుకొని చూసిండ్రు. కూలి మిగిలిందని నా మనసు గూడ జర మెత్తబడ్డది.

ఆ జీపుకు పెద్ద గేరు పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉండేది. దాన్ని గుంజితే ముందటి చక్రాలకు గూడ జోరు అందుతది, బురదల గదే దిక్కు. కల్లంల బెల్టు ఏసినప్పుడు మాత్రం దాన్ని యాదికి తెచ్చుకొని వెనుకకు పెట్టాలె, లేకుంటే నేల మీదున్న ముందటి చక్రాలు బండిని గుంజుకపోతయి. ఆ యేడు పసుపు ఆరుతుండంగ అకాల వాన పడ్డది. మా ఇంటాయన చేన్ల తడిసేటట్టున్న పసుపును బురదలకెళ్లి జీపుల తెచ్చిండు. మబ్బింక ఇడువలే, మళ్ల వాన పడకముందే ఆరిన పసుపన్న తిప్పుదామని తెల్లారంగనే చక్రం లేపి బెల్టు ఏసిండు. ఆ ఆగమాగంల చిన్న కడ్డీ సంగతి మరిచిండు. మరిది చక్రం పక్కన వంగి బెల్టు సరిచేస్తుండె. ఇంటాయన గేరేసిండు. జీపు జాకీ దిగి ముందటికి దుంకింది, టైరు లేని ఇనుప చక్రం మరిది కుడిపాదం మీద పడ్డది.

సగం పాదం తీసేసిండ్రు. మరిది ఇంక దవాఖానల ఉండంగనే మా ఇంటాయన ఆ జీపును వచ్చిన ధరకు అమ్మి పారేసిండు. కొన్నోడు అడగలేదని నేను దాని పైకప్పు గుడ్డ ఇప్పి దాచుకున్న, తర్వాత దాంతోని విత్తనాల సంచులు కుట్టిన. ఇంటాయన మళ్ల స్టీరింగు ముట్టలే. తొవ్వల జీపు చప్పుడైతే తల వంచుకొని నడిచెటోడు. మా ఇంట్ల ఎవ్వరం మరిది ముందట జీపు అన్న మాట అనలే, పిల్లలు అంటే నేను కండ్లెర్ర చేసేదాన్ని. మరిది గూడ ఎన్నడూ అనలే. కర్ర పట్టుకొని కల్లంల విత్తనపు పసుపు ఏరుకుంట కాలం గడిపిండు. ఇంటాయన పోయినంక ఆ కట్టుబాటును నేను ఇంకింత గట్టిగ పట్టుకున్న, ఆయన నాకు అప్పజెప్పిపోయిన పని అదే అన్నట్టు.

ఇప్పుడు ఉడకబెట్టేదీ మిషనే, తిప్పేదీ మిషనే, ఫోను చేస్తే కల్లంలకే వస్తయి. అది మంచిదే, నేనేం వద్దనను. గాని ఇంట్ల దుఃఖమొస్తే మేము దాని మీద మూత పెట్టి, ఆ మూత మీద కూసునేటోళ్లం, మాట్లాడకపోవుడే ప్రేమ అనుకునేటోళ్లం. ఇప్పటి పోరగాండ్లు నోరు తెరిచి అడుగుతరు, అడిగి తిట్లు తింటరు. ఎవరిది తప్పో చెప్పేటంత చదువు నాకు లేదు.

నిన్న పొద్దున మరిది చాయ గ్లాసు పట్టుకొని నా కాడికొచ్చి అరుగు మీద కూసున్నడు.

“వదినా, పోరగాడు జీపు కొంటడట గద.”

“నీకెవరు చెప్పిండ్రు?”

“నువ్వే చెప్తివి. నీ నోటికి వాడంత ఇన్నది, నేనొక్కన్నే చెవిటోన్నా?” అని జర నవ్వి, గ్లాసు కింద పెట్టిండు. “పాదం పోయినందుకు నాకు గంత రంది లేకుండె. దవాఖానకెళ్లి వచ్చి చూస్తే కొట్టంల బండి లేదు. అన్న నన్ను ఒక్క మాట అడగలే. మీరెవ్వరూ అడగలే.”

చాయ పొయ్యనా అని అడిగిన. వద్దన్నడు. మనుమన్ని కేకేసి, నేను చూడంది ఎట్ల కొంటవురా అని, వాని మోటర్ సైకిల్ వెనక కూసోని, కర్రను ఒళ్లె పెట్టుకొని పోయిండు.

నేను చీర కొంగు బొడ్లె చెక్కి, పార తీసుకొని, కల్లంల ఆరబోసిన పసుపును ఒక దిక్కుకు లాగుకుంట పోయిన. మా కోడలు ఎందుకత్తమ్మా అని అడిగింది. బండికి జాగ కావాలె గద అన్న. ఎండ ఎక్కకముందే జీపు వచ్చి గక్కడ ఆగింది. ముందు సీట్ల మా మరిది కూసున్నడు, చానసేపు దిగలే.