యాడుండాది, సూపించు

తిరుపతి హాస్టల్లో నా పక్క మంచం అక్క నగరి నేతపనివాళ్ల ఇంటి పిల్ల, నర్సు. ఇద్దరం విదేశాల్లో ఉద్యోగానికి రాయాల్సిన ఇంగ్లీషు పరీక్షకు చదివేవాళ్లం. రీడింగులో ఒక వాక్యం ఇచ్చి, అది నిజమా, అబద్ధమా, ప్యాసేజీలో అసలు లేనేలేదా అని అడుగుతారు. లేనిదాన్ని ఊహించుకుని నేను ప్రతిసారీ బోల్తాపడేదాన్ని. అక్క మాత్రం ప్యాసేజీ మీద వేలు ఆనించి, "యాడుండాది? సూపించు" అనేది. భోజనాల దగ్గర ఎవరైనా వార్డెనమ్మ కోడలి మీద చాడీలు మొదలుపెట్టినా అదే మాట, అదే వేలు.

రెండోసారి పరీక్ష రాయబోయే పొద్దున నేను ఇడ్లీ ముట్టలేదు. "ఈసారీ పోతాదక్కా" అన్నాను. అక్క నా హాల్‌టికెట్ లాక్కుని, పైనుంచి కింది దాకా వేలు పెట్టి చదివింది.

"పోతాదని యాడా రాసి లేదే పాపా. తిను."

నాలుగు తిన్నాను.