గుడగుడ విని తప్పు చెప్పే తాత

మా హుక్కా తాత పోయాడని మంగళవారం పొద్దున పదకొండింటికి ఫోను వచ్చింది. ఆ సమయానికి నేను తెనాలి కొట్లో ఒక కుర్రాడితో పోట్లాడుతున్నాను. అతనికి నీళ్ళలో రంగు లైట్లు వెలిగే గాజు హుక్కా కావాలి. మా దగ్గర అలాంటివి ఉండవని చెబితే, మరి ఇదేం హుక్కా కొట్టండీ అన్నాడు. గట్టి సమాధానం ఒకటి నోటి దాకా వచ్చింది. ఇంతలో ఫోను మోగింది. రేపల్లె నుంచి తాత కూతురు. ఆవిణ్ణి నేను అత్తా అంటాను.

"అమ్మాయ్, నాన్న నిద్దట్లోనే వెళ్ళిపోయాడే. కంగారుపడకుండా కొట్టు కట్టేసుకుని రా" అంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. షట్టరు మీద చూపించబోతే అది సగంలో ఇరుక్కుంది. అప్పటిదాకా నాతో పోట్లాడిన ఆ కుర్రాడే రెండో చివర పట్టుకుని కిందకు లాగాడు. "ఎవరండీ పోయింది?" అని అడిగాడు. మా తాత అన్నాను. నిజానికి ఆయన నాకు ఏమీ కాడు. ఇత్తడి గొట్టాలు అతికే మనిషి ఒకరు, ఆ గొట్టాలతో హుక్కాలు కట్టే మనిషి ఒకరు. అంతే మా చుట్టరికం.

ఇది చదివేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పేస్తాను. పొగాకు మంచిదని నేను రాయడం లేదు. తాత ఊపిరితిత్తులు ఎలా అయ్యాయో నేను చూశాను. ఆయన తాగడం మానేసింది కూడా నేను పుట్టకముందే. నేను ఆ కొట్లో మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను, ఒక్క దమ్ము పొగ పీల్చలేదు, కొట్లో ఎవర్నీ పీల్చనివ్వలేదు కూడా. నేను రాసేది పొగ గురించి కాదు, ఒక పనిని చెవితో చేసిన మనిషి గురించి.

అంతకు ముందు నేను తెనాలిలోనే ఒక గ్రిల్లుల షెడ్డులో ఉండేదాన్ని. వెల్డింగు, ఇత్తడి అతుకు, రెండూ ఫోనులో వీడియోలు చూసి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే. ఆ షెడ్డు ఓనరు నాకు చీపురు ఇచ్చి, నాకంటే చెత్తగా అతికేవాడికి వెల్డింగు గన్ను ఇచ్చేవాడు. ఒకరోజు చీపురు ఆయన టేబుల్ మీద పెట్టి బయటకు వచ్చేశాను. మార్కెట్ వెనక సందులో నడుస్తుంటే తాత కొట్టు ముందు కూర్చుని ఒక నిలువు గొట్టాన్ని నీళ్ళ బకెట్లో ముంచి బుడగలు చూస్తున్నాడు. నేను ఆగి, మీ అతుకు బాలేదండి అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన గొట్టం నా చేతికిచ్చి, "అయితే బాగుండేది నువ్వు వెయ్" అన్నాడు. వేశాను. దాన్ని నీళ్ళబుర్రకు బిగించి, పైన నిప్పూ పొగాకూ పెట్టే చిలుం కూర్చునే కంతని తన అరచేత్తో మూసి, పైపు నన్ను లాగమన్నాడు. నిప్పు లేదు, పొగాకు లేదు, వట్టి గాలి. నేను లాగాను. ఆయన అరచెయ్యి లోపలికి పీక్కుంది. ఆ చెయ్యి తీసి చూసుకుని, మధ్యలో పడిన ఎర్రటి గుండ్రటి మచ్చను సందులో వాళ్ళందర్నీ పిలిచి చూపించాడు, బహుమతి వచ్చినట్టు.

ఉద్యోగం ఇచ్చానని ఆయన అనలేదు. నేను అడగలేదు. మర్నాడు పొద్దున రేపల్లె రైలు దిగి ఆయన వచ్చేసరికి నేను కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాను.

హుక్కా అమ్మడం తాతకు పెళ్ళి సంబంధం చూడడం లాంటిది. కొనడానికి వచ్చినవాడు ఏది కావాలో చెప్పేలోపే ఈయన ప్రశ్నలు మొదలు. ఎవరు తాగుతారు, ఒక్కరా నలుగురా, కూర్చునా పడుకునా, ఇంట్లో పసిపిల్లలున్నారా? ఉన్నారంటే, వాళ్ళు పెద్దయ్యాక రండి అని పంపేసేవాడు. నిలువు గొట్టంలోకి చిటికెన వేలు దూరాలి, దూరకపోతే అది పూలకుండీకి పనికొస్తుంది అనేవాడు. మట్టి చిలుం మీద ఒక నీటి బొట్టు వేసేవాడు. మట్టి దాన్ని తాగేస్తే మంచి చిలుం, బొట్టు జారిపోతే పక్కన పెట్టేవాడు. తళతళలాడే పూత గొట్టాలు చూపిస్తే లోపల మేకుతో గీకి, ఊడిన పూతను కొనేవాడి అరచేతిలో పోసి, ఇది కూడా పీలుస్తావా నాయనా అని మర్యాదగా అడిగేవాడు.

చివరి పరీక్ష చెవిది. నీళ్ళు పోసి నేను వట్టి గాలి లాగుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. సన్నగా ఈల వస్తే పైపుకి చిల్లు. గొంతు పట్టినట్టు వస్తే గొట్టం ఇరుకు. దగ్గినట్టు వస్తే నీళ్ళెక్కువ. గొట్టం అడుగు నీళ్ళలో రెండు వేళ్ళ వెడల్పు మునగాలి, అది ఆయన లెక్క. పక్క కొట్లో కుట్టుమిషను ఆడుతున్నా, సందులో ఆటో హారన్ కొడుతున్నా ఆ గుడగుడలో తప్పు ఎక్కడుందో చెప్పేసేవాడు. ఆయన విని సరే అనకుండా ఒక్క హుక్కా కూడా గడప దాటేది కాదు.

నాకు ఒళ్ళు మండేది అక్కడే. గొట్టం నేను కోశాను, అతుకు నేను వేశాను, గాలి నేను లాగాను. మూడేళ్ళయింది. నా మాట మీద ఒక్క వస్తువు, ఒక్కటంటే ఒక్కటి, బయటకు వెళ్ళలేదు. మళ్ళీ చీపురు పట్టినట్టే ఉండేది. అడిగితే ఆయనది ఒకే మాట. "నువ్వు చెయ్, నేను వింటాను."

నా మాట మీద వదలాలంటే ఆయన భయపడడానికి కారణం ఉందని కూడా నేనే చెప్పాలి. హుక్కా పొగాకు ముద్ద ఆయన పాత పద్ధతిలో చేసేవాడు. బాపట్ల వైపు నుంచి వచ్చిన ఆకుకు ఈనె తీసి, సన్నగా తరిగి, రోట్లో వేసి బెల్లపు మడ్డితో దంచాలి. కుండలో కూరి, మూతికి గుడ్డ కట్టి, మూడు నెలలు చీకట్లో మరిచిపోవాలి. మొదటి ఏడు వేసవిలో ఆయనకు జ్వరం వచ్చి నాలుగు రోజులు రేపల్లెలో ఉండిపోయాడు. నేను ఖాళీగా కూర్చోలేక ఒక కుండ కలిపాను. తీపి ఎంత ఎక్కువైతే అంత మంచిదని నాకు నేనే తీర్మానించుకున్నాను. మడ్డి బదులు కొత్త బెల్లం పాకం పట్టి, వేడివేడిగా పోసి, పైగా నాలుగు మగ్గిన అరటిపళ్ళు పిసికి వేశాను.

మూడో రోజుకి కుండ పొంగింది. గుడ్డ బుడగలా లేచి, ముద్ద అంచుల మీదుగా దిగి, గోడ వారన కారుకుంటూ పక్క టైలర్ అక్క కొట్లోకి వెళ్ళింది. చీమలు సందు ఆ చివరి నుంచి బారులు తీరి వచ్చాయి. అక్క కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని, కుట్టుమిషను తొక్కలేక, "ఏమే, పొగాకు కొట్టా మిఠాయి కొట్టా ఇది?" అని అరుస్తోంది. సరిగ్గా అప్పుడే తాత జ్వరం తగ్గి వచ్చాడు. కుండ చూశాడు, చీమలు చూశాడు, నన్ను చూశాడు. వేలితో కొంచెం తీసి వాసన చూసి, "దీనికి హుక్కా దేనికే, చెంచా చాలు" అన్నాడు. అని, నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు ఇద్దరం కలిసి సందంతా కడిగాం. అక్క బకెట్లు అందించింది. ఆ తర్వాత ఎవరైనా తొందరపడి పని పాడుచేస్తే సందులో అందరూ "అరటిపండు వేశావా?" అని అడగడం అలవాటైంది.

మంగళవారం రేపల్లె వచ్చిన సందు వాళ్ళు అక్కడ కూడా అది గుర్తుచేశారు. చావింట్లో నవ్వులేంటని ఎవరైనా అనుకుంటారేమో, అనుకోనివ్వండి. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు తాత గురించి రెండు మాటలు చెబుతానని నిలబడ్డారు. పొగాకు మీద ఆయన గట్టిగా ప్రసంగం చేసిన ప్రతి ఆదివారం తాత చర్చి బయట ఎదురుచూసి, చాలా బాగా చెప్పారండి అని చెయ్యి కలిపేవాడట. ఒకసారి పాస్టరు గారు ఉండబట్టలేక, అంత నచ్చితే మానెయ్యొచ్చుగా అన్నారట. తాత చెప్పిన సమాధానం పాస్టరు గారు తాత గొంతుతోనే చెప్పారు. "తాగడం ఎప్పుడో మానేశానండి. అమ్మడమే మానలేదు. దాని మీద వచ్చే వారం చెప్పండి." చెప్పానమ్మా, చెప్పిన రోజు కూడా వచ్చి చెయ్యి కలిపాడు అన్నారు పాస్టరు గారు. అత్త చెంగుతో నోరు మూసుకుని, ఏడుస్తూనే నవ్వింది.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండేది పోయిన నెలది.

బాపట్ల నుంచి ఒక టీచరుగారు వచ్చింది. వాళ్ళ మామ్మగారికి భోజనం అయ్యాక ఒక్కసారి హుక్కా అలవాటు. మామ్మగారి భర్త వాడిన పాత ఇత్తడి హుక్కా ఇక బాగుపడనంతగా పగిలింది. టీచరుగారు గాజుది కొనిపెడితే ఆవిడ దాంట్లో మనీప్లాంట్ వేసింది. మానెయ్యమంటే అన్నం మానేస్తానంటోందట. అప్పటికి తాత ఆయాసంతో తెనాలిలో ఆసుపత్రిలో ఉన్నాడు, రేపల్లె ఇంటికి పంపింది ఆ తర్వాతే. నేను వెళ్ళి చెప్పాను. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, దాని అతుకు నాకు నచ్చలేదని చెబితే నవ్వాడు. వాళ్ళను నేను వచ్చేదాకా ఆగమను అన్నాడు. ఆగం, నేను చేస్తాను అన్నాను. ఆయన ఆ గొట్టం సర్దుకున్నాడు. తర్వాత, పట్టుకెళ్ళు గానీ ఫోనులో వినిపించు అన్నాడు. అక్కడ కూడా వదల్లేదు.

ఆయన పద్ధతిలోనే ముందు మనిషిని చూడడానికి బాపట్ల వెళ్ళాను. మామ్మగారు పిట్టంత మనిషి. గ్లాసులో నీళ్ళు పోసి, ఒక మామూలు గొట్టం ముంచి, లాగండి మామ్మగారూ అన్నాను. రెండు బుడగలు వచ్చాయి, మూడోదానికి ఆవిడ ఆగిపోయింది. నేను గ్లాసులో నీళ్ళు తగ్గించుకుంటూ పోయాను. గొట్టం ఒక్క వేలు మునిగేలా పెట్టినప్పుడు బుడగలు వరసగా వచ్చాయి. తిరిగి వచ్చి పొట్టి నిలువు గొట్టం, లోపల బాగా వెడల్పుగా ఉన్నది, ఎంచాను. బుర్ర తేలికది తీశాను, ఆవిడే జరుపుకోగలిగేలా. పైపు పొట్టిది. చిలుం చిన్నది, ముద్ద ఉసిరికాయంత కంటే ఎక్కువ పట్టనిది. ముద్ద మాత్రం తాత కుండలోదే తీశాను. కట్టిన హుక్కాను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పొన్నూరు మీదుగా బస్సులో వెళుతుంటే, "పాపకి టికెట్టు తీయవా అమ్మాయ్?" అన్నాడు కండక్టరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మామ్మగారు గోడకు చేరబడి కూర్చుంది. చింతబొగ్గు ఎర్రబడింది. నేను తాతకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి, బుర్ర పక్కన నేల మీద ఉంచాను. మామ్మగారు లాగింది. గుడగుడ వచ్చింది. నా చెవికి బాగానే ఉంది. కానీ నా చెవి ఎవరిక్కావాలి?

"నీళ్ళు తక్కువయ్యాయి. ఇంకో వేలు పొయ్యి" అంది ఫోను.

చెంబు మీదకు చెయ్యి వెళ్ళింది. మూడేళ్ళ అలవాటు. ఆయన పొయ్యమంటే పోశాను, తియ్యమంటే తీశాను. టీచరుగారు నన్నే చూస్తోంది. ఇప్పుడు పోస్తే మామ్మగారికి లాగడం కుదరదు. పొయ్యకపోతే, ఆసుపత్రి మంచం మీదున్న మనిషి మాట కాదన్నట్టు.

"పొయ్యను తాతా" అన్నాను.

"ఏం?"

"నువ్వు గుడగుడ విన్నావు. నేను మామ్మగారి ఊపిరి చూశాను. రెండు వేళ్ళయితే ఆవిడ లాగలేరు. అందుకే ఒక వేలే పోశాను, మర్చిపోయి కాదు."

ఫోనులో ఆక్సిజన్ బుసబుసలాడింది. మామ్మగారు పైపు నోట్లోంచి తీసి, ఫోను వైపు వంగింది.

"ఏవయ్యా, లాగేది నేనా నువ్వా? ఆ పిల్లని దాని పని చేసుకోనీ" అంది.

తాత నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. తర్వాత, "సరే అమ్మాయ్" అన్నాడు. "నువ్వు చూశావు కదా. ఇంక నేను వినక్కర్లేదు."

నేను చెంబు దూరంగా జరిపాను. మామ్మగారు మళ్ళీ లాగడం మొదలుపెట్టింది. వినక్కర్లేదన్న మనిషి ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. బుర్రలో నీళ్ళు నిదానంగా, పెద్ద పెద్ద బుడగలతో మాట్లాడుతున్నాయి. కాసేపటికి ఫోనులోంచి ఇంకో చప్పుడు మొదలైంది. మొదట లైను బాలేదనుకున్నాను. అది గురక. బాపట్లలో గుడగుడ, తెనాలిలో గురక, ఒకదాని వెనక ఒకటి, తాళం తప్పకుండా. టీచరుగారికి నవ్వు ఆగలేదు. నేను ఫోను తియ్యడానికి వంగాను. మామ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, పెదాల మీద వేలు పెట్టుకుని, పడుకోనివ్వండన్నట్టు మా ఇద్దరికీ సైగ చేసింది. ఆ తర్వాత ఇంకా మెల్లిగా, ఇంకా నిదానంగా లాగింది.