చెంచా వెనక అక్షరాలు

మొన్న సెలవునాడు తణుకులో ఉన్న మనవరాలు వీడియో కాల్‌లో పప్పన్నం తింటూ, మూతి కూడా తుడుచుకోకుండా చెంచా తిరగేసి కెమెరాకి అడ్డం పెట్టి, దీని వెనక ఎవరి పేరుంది అమ్మమ్మా అని అడిగింది. బళ్ళో ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతోంది లెండి, గోడ మీది క్యాలెండరుని కూడా వదలడం లేదు. నేను నవ్వి, ముందు అన్నం తినమన్నాను గానీ, ఆ ప్రశ్నే ఒకప్పుడు ఇక్కడ దుబాయ్‌లో నాకు కంటిమీద కునుకు లేకుండా చేసింది.

అది కరోనా కాలం. నేను వంట చేసే ఇంటి మేడమ్‌ది నార్వే, భర్త పోయి ఒంటరిగా ఉండేది. నా చేతి చారు తాగి ముక్కు చీదుకుంటూనే ఇంకాస్త పొయ్యమనేది. విమానాలు మళ్ళీ మొదలవగానే ఆవిడ వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, నా కూతురికి నెలలు నిండుతున్నాయని తెలిసి, మెత్తటి బట్టలో చుట్టిన వెండి చెంచా ఒకటి నా చేతిలో పెట్టింది. వాళ్ళ వైపు పుట్టిన బిడ్డకి వెండి చెంచా ఇస్తారట. మన అన్నప్రాశన సంగతి చెబితే ఎంత సంబరపడిందో!

ఇక్కడే సత్వా పేటలో మా గదిలో ఉండే పాలకొల్లు ఆవిడని నేను వదినా అని పిలిచేదాన్ని. ఆ వదిన చెంచా తిరగేసి చూసింది. వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన చిన్న సుత్తి బొమ్మ, ఆ పక్కన 830 అంకె, ఎస్ అక్షరం. మనం స్టీలు గ్లాసు కొన్నా పేరు కొట్టించందే కొట్టు గడప దాటేవాళ్ళం కాదు కదా; పెళ్ళిళ్ళలో గిన్నెలు కలిసిపోయినా ఆ పేర్లు చూసే ఎవరివి వాళ్ళకి చేరేవి. అందుకే వదిన గుండెలు బాదుకుంది.

"పేరుందంటే పరాయోళ్ళదే కదే! ఆ అచ్చరాలు మీ మేడమ్‌వి కావుగా. రేపు ఊరెళ్ళేప్పుడు ఎయిర్‌పోర్టులో అడిగితే ఏం సెప్తావ్? ఖలాస్, ఇన్నేళ్ళ పరువూ గంగలో కలిసిపోద్ది."

నిజమే, అవి మేడమ్ పేరులోవి కావు. ఫోన్ చేసి అడిగితే ఇచ్చిన చేతినే అనుమానించినట్టవుతుంది. అడక్కుండా తీసుకెళితే, పరాయి ఇళ్ళలో వెండీ బంగారాల మధ్య మసలి ఏనాడూ ఒక్క మాట పడని నేను, బిడ్డకి మొదటి ముద్ద దొంగసొత్తుతో పెట్టించానన్న మాట పడాలి. భయమేసింది, ఏడుపూ వచ్చింది.

చివరికి దేరా బజారులో వెండి సామాన్లు బాగుచేసే నెల్లూరు భాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, "ఇది కొన్నోళ్ళ పేరు కాదుమా, చేసినోళ్ళ గుర్తు. నార్వే సరుకు నా కాడికి వస్తానే ఉంటది" అన్నాడు. వెయ్యి పాళ్ళలో ఎనిమిది వందల ముప్ఫై పాళ్ళు వెండి అనీ, తక్కినది గట్టిదనానికి కలిపిన రాగి అనీ, ఎస్ అంటే వాళ్ళ భాషలో వెండేననీ, సొంతదారు పేరైతే ముందువైపు కాడ మీద చెక్కిస్తారనీ ఓపిగ్గా చెప్పాడు. కాడ తిప్పి చూస్తే నున్నగా ఉంది, ఎవరి పేరూ లేదు.

అప్పుడు తట్టింది నాకు. మేడమ్‌కి పిల్లలు లేరు. ఏనాడో ఆశపడి కొనుక్కుని ఉంటుంది, పేరు చెక్కించే యోగం కలగలేదు. నా భయమంతా పోయి, ఆవిడ కోసం మనసు చివుక్కుమంది.

ఏం పేరు చెక్కమంటావని భాయ్ అడిగాడు. ఇంకా పుట్టని బిడ్డకి పేరెక్కడిది? మన వైపు కానుక మీద ఇచ్చినవాళ్ళ పేరు వేయించడమూ ఉంది కదా అని, "మేడమ్ అమ్మమ్మ కానుక" అని తెలుగులోనే చెక్కమన్నాను.

ఊరెళ్ళి అన్నప్రాశన చేయించి ఫొటో పంపితే, ఆ రాత ఏమిటని మేడమ్ అడిగింది. చెప్పాను. జవాబు రాసింది. తనని ఎవరైనా అమ్మమ్మ అనడం అదే మొదటిసారట.

ఇప్పుడు మా ఊళ్ళో పేర్లు కొట్టే కొట్టు మూతపడింది. అందరిళ్ళలోనూ ఒకేలాంటి ప్లాస్టిక్ డబ్బాలే, పోయినా ఎవరిదని వెతికేవాళ్ళు లేరు. ఆ ముచ్చట పోయిందని బెంగగానే ఉంటుంది గానీ, మా పిల్ల మరో ఏడాదికి తెలుగు కూడబలుక్కుంటుంది. చెంచా ముందువైపు రాత తనే చదివి, ఈ ఇంకో అమ్మమ్మ ఎక్కడుందని అడుగుతుంది. ఆ రోజు ఫోన్ కలిపి ఇస్తానని మేడమ్‌కి మాటిచ్చాను. నెలకోసారి అడుగుతూనే ఉంది, పిల్లకి చదవడం వచ్చిందా అని.