అమ్మకు వేసిన సున్నం

మా మేనత్తకు పెచ్చులూడిన గోడ కనబడితే ఒళ్ళు మంట. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను గోటితో గీరి చూసి, "పాతది గోకకుండా కొత్త సున్నం వేయిస్తారా? స్నానం చెయ్యకుండా కొత్త బట్టలు కట్టుకున్నట్టే!" అని ఇంటివాళ్ళ మొహం మీదే అనేది. ఇళ్ళకు సున్నాలు వేయడం ఆవిడ పని. భుజం నొప్పితో మానేసేదాకా మా ఊళ్ళో ఆవిడ కుంచె తగలని వంటిల్లు లేదు. సున్నం పడితే చెయ్యి పొక్కుతుంది, అత్త నోట పడితే మనిషి పొక్కుతాడు అని మా నాన్న అనేవాడు. తమ్ముడు కాబట్టి బతికిపోయాడు.

అలాంటి మనిషి ఒక్కచోట మాత్రం ఎన్నడూ గోకలేదు. అది వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ సమాధి.

నాయనమ్మ పోయింది సముద్రం ఒడ్డున ఉన్న పాత రేవు ఊళ్ళో. అప్పటికి అత్త చిన్నపిల్ల, నాన్న చంకబిడ్డ. తర్వాత రేవు ఇసుకతో పూడిపోయింది. ఓడలు రావడం మానేశాక జనం మూటాముల్లె సర్దుకుని ఇటు వచ్చేశారు. అక్కడ ఇప్పుడు కప్పుల్లేని ఇళ్ళూ, ఎప్పటెప్పటివో సమాధులూ తప్ప ఏమీ లేవు. మా తాతకు ఆ సమాధుల గేటు దాటే ధైర్యం ఉండేది కాదట. బయటే నిలబడి, "అదిగో, గోడ పక్కన" అని చెయ్యి చూపించి మొహం తిప్పుకునేవాడు. గోడ పక్కన ఉన్నవి రెండు. అత్త పెద్దదాని దగ్గరికి నడిచింది. అమ్మ కదా, పెద్దదే అయ్యుంటుంది అనుకుంది.

అప్పటినుంచి ఏటా వానలు వెలిశాక బకెట్, కుంచె పట్టుకుని వెళ్ళేది. నీలిమందు కలిపిన మంచి సున్నం అమ్మకు. అడుగున మిగిలింది పక్క సమాధికి. "ఎవరో దిక్కులేని మనిషి, పోనీలే పాపం" అనేది. కుంచె ఆడినంతసేపూ నోరూ ఆడేది. మావయ్య పిసినారితనం, గురక, అత్తగారి ఆరళ్ళు, కడుపు పోయిన ఏడు పడ్డ దుఃఖం, అన్నీ అక్కడే చెప్పుకునేది. మరో మనిషి ముందు అత్త ఏడవగా నేను చూడలేదు.

"ఊరందరికీ చెప్తావు, ఇక్కడెందుకు గోకవు అత్తా?" అని ఒకసారి అడిగాను.

"గోకితే అమ్మకి నొప్పెట్టదూ?" అంది, ఇంత తెలివితక్కువ మేనకోడలు ఎక్కడ దొరికిందిరా అన్నట్టు చూస్తూ.

పూత మీద పూత పడి రాళ్ళ మీద అక్షరాలు ఎప్పుడో మాసిపోయాయి. అత్త చదవడం నేర్చుకునేసరికి అక్కడ చదవడానికేమీ మిగల్లేదు.

ఈ ఏడు సముద్రం సమాధుల దాకా వచ్చేసింది. పాత కట్టడాలు చూసే శాఖవాళ్ళు కొన్నిటిని, కింద మిగిలినవాటితో సహా, పక్క కొండ మీదికి మారుస్తామన్నారు. రాతి మీద పేరు కనబడాలి, ఫలానావారు మావాళ్ళు అని ఒకరు వచ్చి చెప్పాలి. లేకపోతే అది సముద్రానికే. ఆ మాట విన్నప్పటినుంచి అత్తకు ముద్ద దిగలేదు. "అమ్మను నీళ్ళపాలు చేస్తానా?" అని ఒకటే గొణుగుడు. నొప్పి భుజంతోనే గోకే రేకు పట్టుకుని బయల్దేరింది. తోడు నేను.

అక్కడ పని చూస్తున్న కుర్ర అధికారి సాయం వస్తానన్నాడు. అత్త వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. "కొంచెం ఓర్చుకో అమ్మా, అయిపోయింది" అని బుజ్జగిస్తూ, పసిపిల్ల తలలో చిక్కు తీసినట్టు నెమ్మదిగా గోకింది. పెచ్చులు రాలాయి. అక్షరాలు బయటపడ్డాయి. వంగి చదివిన అత్త చేతిలోంచి రేకు జారిపోయింది.

రేవు లైట్‌హౌస్ చూసుకున్న ఒకాయన సమాధి అది. కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. నా అన్నవాళ్ళు ఎవరూ లేనందున తోటివాళ్ళు వేయించిన రాయి అని.

"మగాడా?" అంది అత్త. గబుక్కున చీర సర్దుకుంది. "అయ్యయ్యో, ఏమేం మాటలు చెప్పానే ఈయనకి!"

నాకు నవ్వాగలేదు. కానీ ఆవిడ పక్క సమాధి వైపు తిరిగేసరికి నవ్వు దానంతటదే ఆగిపోయింది. అక్కడ సున్నం పలచన. రేకు తగిలీ తగలగానే నాయనమ్మ పేరు కనబడింది.

"అమ్మకి మిగులు సున్నం వేశానే. బకెట్ కడిగిన నీళ్ళు కూడా ఇక్కడే ఒంపేదాన్ని" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

"పక్కనే ఉంది కదా అత్తా, అన్నీ వినే ఉంటుందిలే" అన్నాను.

"అమ్మ పక్కవాళ్ళ మాటలకు చెవి ఒగ్గే మనిషి కాదట. నాన్న చెప్పేవాడు."

నాయనమ్మ వివరాలు రాసుకుని అధికారి వెళ్ళబోయాడు.

"ఈయన సంగతేంటి బాబూ?" అంది అత్త.

"అయినవాళ్ళు ఎవరూ రాలేదండీ. మీకేమవుతారు?"

అత్త కళ్ళు తుడుచుకుంది. "నా కడుపులో మాటలన్నీ విన్నాడు. ఒక్కటీ బయటికి పొక్కనివ్వలేదు. మా అన్నయ్య అని రాసుకో."

కుర్రాడు ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను తలూపాను. రాసుకున్నాడు.

ఇద్దరినీ కొండ మీద పక్కపక్కనే పెట్టాక మళ్ళీ వెళ్ళాం. అత్త ముందు వాళ్ళ అన్నయ్యకు దణ్ణం పెట్టింది. తర్వాత నాయనమ్మ దగ్గర చతికిలబడి, రాతి మీద ఇసుక తుడిచింది. మావయ్య మీద కొత్త ఫిర్యాదు ఏదో వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను.

"అమ్మా, నేనే, నీ పెద్దదాన్ని" అంది అత్త. "నాకు పెళ్ళయిందే."