ఎర్రనీళ్ళ పళ్ళెంలో వైన్

ఉద్యోగంలో కొత్తగా చేరినవాడికి ఇంట్లోవాళ్ళంతా ఏమీ తెలియనివాళ్ళలా కనిపించే రోజులు కొన్ని ఉంటాయి. నాకవి హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో సర్వర్‌గా చేరిన మొదటి ఏడాది వచ్చాయి. వైన్‌ను సీసాలోంచి నేరుగా గ్లాసులో పోయకూడదని, అడుగున మడ్డి కదలకుండా వెడల్పాటి గాజుపాత్రలోకి వంచి కాసేపు గాలి తగలనివ్వాలని అక్కడే నేర్చుకున్నాను. నేర్చుకున్నది నలుగురికీ చూపించకపోతే తిన్నది అరగని వయసు. ఆర్మూరులో మా ఇంట్లో ఆ అవకాశం బావ పుణ్యమా అని వచ్చింది.

మా ఇంటికి ఇల్లరికం వచ్చిన అక్క మొగుడు బావకూ, మా నాన్న బాపుకూ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. చేలో పసుపు తవ్వే రోజుల్లో వీసా వచ్చిందని బావ అంతా వదిలేసి గల్ఫ్ వెళ్ళిపోయాడు. బాపు ఒక్కడే తవ్వించి, ఉడకబెట్టించి, మార్కెట్‌కు తోలాడు. ఆ కోపం ఆరలేదు. బావ సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తినేవాళ్ళు. "గాయినకు చెప్పు బిడ్డా, పప్పు ఏస్కొమ్మని" అని బాపు అక్కతో అనేవాడు. (గాయిన మూరెడు దూరంలోనే ఉండేవాడు.) ఒకసారి బావ వైన్ సీసా ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "నేను ఇగ మల్ల పోను అన్ననాడు మామతోని కూసొని తాగుత. గప్పటిదాక ముట్టకుండ్రి" అన్నాడు. అక్క దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. ఆ సీసా మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు.

బావ పూర్తిగా వచ్చేస్తున్న రోజు నేను సెలవు పెట్టి వచ్చాను. అక్క సీసా ఇస్తూ, "జర పైలం తమ్మీ. గిది ఖరాబైతే ఇద్దరు ఇగ జన్మల మాట్లాడుకోరు" అంది. "ఫికర్ చెయ్యకక్కా, గిది నా డ్యూటీ" అన్నాను. గాజుపాత్ర లేదు. మూతి ఎంత వెడల్పుంటే అంత మంచిదని లోతైన స్టీలు పళ్ళెం తీసుకున్నాను. సీసా మెడ వెనక ఫోన్ టార్చి పెట్టి నెమ్మదిగా వంచి, మడ్డి కనిపించగానే ఆపేశాను. అడుగున నాలుగు వేళ్ళ వైన్ మిగిలింది. అది పారబోసేదే. గాలి బాగా తగలాలని పళ్ళేన్ని వాకిట్లో అరుగు మీద పెట్టి, సీసాను ఆ పక్కనే ఉంచి, గ్లాసులు తుడవడానికి లోపలికి వెళ్ళాను.

అంతలో ఆటో ఆగింది. మా నాయనమ్మకు చూపు సరిగా ఆనదు. దూరం నుంచి వచ్చినవాళ్ళకు, పసుపులో సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీయనిదే గడప దాటనివ్వదు. అరుగు మీద పళ్ళెం నిండా ఎర్రగా కనిపిస్తే ఆమె మాత్రం ఇంకేమనుకుంటుంది? "ఊరోల్ల దిష్టి, వాడోల్ల దిష్టి, దుబాయోల్ల దిష్టి..." అంటూ బావ ముఖం చుట్టూ పళ్ళెం తిప్పుతోంది. బావ ముక్కు పళ్ళెంతో పాటే తిరుగుతోంది. వాసన పట్టేశాడు గానీ, దిష్టి తీసేటప్పుడు మాట్లాడకూడదు. (ఇదంతా తర్వాత బావే చెప్పాడు.) నేను గ్లాసులతో బయటికి వచ్చేసరికి నాయనమ్మ మొత్తం రోడ్డు మీద పారబోసింది. నా వెనకే అమ్మ, అసలు ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని వచ్చింది.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బాపు లోపలి నుంచి వచ్చి మట్టిలో ఇంకుతున్న ఎరుపును చూశాడు, ఖాళీ పళ్ళేన్ని చూశాడు, చివరికి బావను చూశాడు.

"నీకు మస్తు దిష్టి తాకినట్టున్నది అల్లుడా. దిగనీకి సీసడు పట్టింది" అన్నాడు.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాపు ఆ మాట మధ్యలో ఎవరినీ పెట్టకుండా, నేరుగా బావతోనే అన్నాడు. బావ నవ్వబోయి ఏడ్చేశాడు. అరుగు మీది సీసా చూసి, "సీసల ఇంకింత ఉన్నది మామా" అన్నాడు.

"తే మరి, ఏం జూస్తున్నవ్?" అని బాపు నా వైపు తిరిగాడు.

"గది మడ్డి బాపూ! మా హోటల్ల పారబోస్తరు" అన్నాను నేను, డ్యూటీ మరవకుండా.

"కల్లు మడ్డి తాగినోల్లం, మాకు జెప్తున్నవా? జరుగు."

ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఆ నాలుగు వేళ్ళూ పంచుకున్నారు. చింతపులుసు లెక్క పుల్లగున్నదని బాపు ముఖం చిట్లించాడు గానీ చుక్క మిగల్చలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసే పసుపు చేనుకు పోతారు. రోజూ పోట్లాడుకుంటారు, నేరుగానే. హోటల్లో కొత్త కుర్రాళ్ళకు వైన్ వంచడం నేనే నేర్పుతున్నాను, మడ్డి కనపడగానే ఆపమంటాను. తుడిచిన గ్లాసులు పట్టుకుని వాళ్ళు ఠీవిగా నిలబడితే ఆనాటి నేనే కనిపించి నవ్వొస్తుంది. సీసా అడుగున మిగిలింది పారబోయడానికి మాత్రం నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.