పేటెంటు ముగిసేలోపు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏటి సంగతి ఇది. సూళ్లూరుపేటలో రైల్వే స్టేషనుకి పోయే దారిలో ఉన్న మందుల షాపులో నేను కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. నా చదువు ఐదో తరగతి. ఊడ్చే పనికి చేరి, డబ్బాల మీద పేర్లు కూడబలుక్కుంటూ మందులు అందించడం నేర్చుకున్నాను. ఇలా రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా షాపుకి వచ్చేవాళ్లు ఖాళీ మాత్రల షీటు చూపించి ఎక్కువగా అడిగే మాట ఒకటుంది: "ఇదే మందు, వేరే కంపెనీది తక్కువలో ఉందా?" చాలావాటికి ఉంటుంది. ఒకే మందుని పది కంపెనీలు పది పేర్లతో చేస్తాయి. వాటినే జెనరిక్ అంటారు.

బాషా అన్న మా ఎదురు సందులో టైలరు. మెడలో టేపు లేకుండా ఆయన్ని నేను చూడలేదు. గుండె బలహీనపడి నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చేది. పాత రకం మాత్రలతో దగ్గు పట్టుకుందని నెల్లూరు డాక్టరు కొత్తది రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అవి వాడిన కొన్నాళ్లకే అన్న మళ్లీ మిషను తొక్కాడు. కానీ ఆ మందు ఒక్క కంపెనీదే ఉంది. రేటు చూస్తే, ఆయన కుట్టిందంతా దానికే సరిపోయేది.

"వేరే కంపెనీది లేదా మే?" అన్నాడు ఒకరోజు. మా వైపు ఆడవాళ్లని అలాగే పిలుస్తారు.

"లేదన్నా. దీనికి పేటెంటు ఉండాది."

"అదేంది?"

మా ఓనరు చెప్పారు. "మందు కనిపెట్టిన కంపెనీకి, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్లు హక్కు బాషా. అందాకా వాళ్లు ఒప్పుకోకుండా మన దేశంలో ఇంకెవురూ ఆ మందు చేయకూడదు. కనిపెట్టేదానికి వాళ్లకీ బోలెడు ఖర్చయి ఉంటాది గదా."

బాషా అన్న నవ్వాడు. "నేను జాకెట్టుకి కొత్త మోడల్ మెడ కుడితే, నెల తిరక్క ముందే బజారంతా అదే మెడ. నాకెవురూ ఇరవై ఏళ్లు ఇయ్యలేదే!"

"నీ మెడ లేకపోతే ఎవురూ చావరు గదన్నా" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

నమ్మకం కుదరక ఆయన చెన్నై రైలెక్కి అక్కడా అడిగొచ్చాడు. అక్కడా అదే కంపెనీ, అదే రేటు.

వానలు మొదలయ్యే ముందు ఇంకో కంపెనీ రెప్రజెంటేటివ్ వచ్చాడు. డాక్టర్లకీ షాపులకీ తమ మందుల గురించి చెప్పుకుని తిరిగే ఉద్యోగం అది. "వచ్చే ఎండాకాలానికి పేటెంటు అయిపోద్ది సార్. మా జెనరిక్ రెడీగా ఉండాది. రేటు సగానికి పైనే దిగిపోద్ది" అన్నాడు. బాషా అన్న పక్కనే నిలబడి విన్నాడు.

ఆ తర్వాత ఆయన షీటు కొనడానికి రావడం తగ్గింది. ఎందుకని అడిగితే షాపు మెట్టు మీద కాలు పెట్టి, చీలమండ చుట్టూ టేపు వేశాడు.

"చూడు మే. పొద్దున మాత్ర మానేసి నెలయింది. కాలివాపు ఒక్క గీత కూడా పెరగలా. నాకు రోజుకి ఒకటే చాలు. ఎండాకాలం దాకా ఇట్టా లాక్కొస్తా."

"టేపేసి గుండె కూడా కొలుస్తావా అన్నా?"

"ఈ టేపు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదులే."

లోపలి నుంచి ఓనరు కేకలేశారు. "కాళ్లకి నీరు పట్టకుండా చూసేది ఇంకో మాత్ర బాషా. అది చవక, అది నువ్వు మానలేదు. అందుకే కాళ్లు సన్నగా ఉండాయి. లోపల గుండె ఎట్టుండాదో టేపుకేం తెలుసు?" అప్పటికప్పుడు డాక్టరుకి ఫోన్ చేశారు. వెంటనే పంపమన్నారు డాక్టరు.

"రేపు పోతా" అన్నాడు బాషా అన్న. పోలేదు. పోతే మళ్లీ రెండేసి మింగమంటారని ఆయనకి తెలుసు.

చలి తగ్గే రోజుల్లో మిషను మీదున్నప్పుడే ఆయాసం ముంచుకొచ్చింది. నెల్లూరు తీసుకుపోతుంటే నాయుడుపేట దాటకముందే ప్రాణం పోయింది.

ఎండలు ముదిరాక పేటెంటు ముగిసింది. ఒక్క వారంలోనే ఐదారు కంపెనీల డబ్బాలు వచ్చిపడ్డాయి. నేను వాటిని అరలో సర్దుతుంటే బాషా అన్న భార్య నూర్జహానక్క వచ్చింది. ఇంకా మాత్రలు మిగిలున్న, కత్తిరించిన షీటు ముక్క కౌంటర్ మీద పెట్టింది.

"గుండీల డబ్బాలో దాచిపెట్టుకోనుండాడు మే. వాపసు తీసుకుంటారా?"

కత్తిరించినవి వాపసు తీసుకోకూడదు. అది చెప్పేలోపే ఆమె చూపు కొత్త డబ్బాల మీద పడింది.

"ఇదేనా అది?"

"ఇదేనక్కా."

"ఎంత?"

చెప్పాను.

ఆమె ఒక డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతేనా" అంది. దాన్ని మళ్లీ అరలో సరిగ్గా పెట్టి, షీటు ముక్క అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఖరీదైన మందు వాడేవాళ్లు రావలసిన వేళకి రాకపోతే నేను ఊరుకోను. మాత్రలు ఎలా వేసుకుంటున్నారో అడుగుతాను. కొనలేకపోతే ఆ సంగతి డాక్టరుకే చెప్పండి, మీ అంతట మీరు తగ్గించుకోవద్దు అంటాను. కొందరు వింటారు. కొందరు, నాకిది చాల్లే అంటారు.

పోయిన వారం ఒకాయన ఖాళీ షీటు చూపించి, "ఇది ఇంకో కంపెనీది ఎప్పుడొస్తాది మే?" అన్నాడు.

ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. చెప్పలేదు.

"ముందు నువ్వు ఎట్టేసుకుంటుండావో చెప్పన్నా" అన్నాను.